గ్రూపు విడిచిపోతానన్న మేనకోడలికి

కడప,
ఆదివారం పొద్దున

చిన్నమ్మీ,

రాత్రి పన్నెండున్నరకు నువ్వు పెట్టిన మెసేజ్ ఇప్పుడే లేచి చూసినా. "మామా, ఈ గ్రూపులోనుంచి ఎల్లిపోతాండా. లైనక్సు వద్దు, వీళ్లూ వద్దు" అన్నావు. ఫోనులో రెండు బొటనవేళ్లతో జవాబు రాయడం నాకు చేతకాదు. మీ అత్త టీ పెట్టిచ్చింది, కంప్యూటరు ముందర కూర్చున్నా. హాస్టల్లో ఉగ్గాని పెట్టే వేళకు నిదానంగా చదువుకో. ఇది పొడుగైతాది.

ముందు నేను చేసిన పని చెప్తా. మన లైనక్సు గ్రూపులో పైకి జరుపుకుంటూ పోయి పది దినాల మాటలన్నీ మొదట్నుంచి చదివినా. నువ్వు చివరి నాలుగు మాటలే నాకు పంపినావు గానీ, కథ అంతకు ముందే మొదలైంది. మీ సీనియర్ ఇచ్చిన పెన్‌డ్రైవుతో పాత ల్యాప్‌టాప్‌లో కంప్యూటరును నడిపే లైనక్సుల్లో ఒకటైన డెబియన్ వేసుకున్నావు. వైఫై రాలేదు. "వైఫై రావట్లేదు, హెల్ప్ ప్లీజ్" అని ఒక్క ముక్క పడేసినావు. నలుగురు చూసి గమ్మున ఉండిపోయినారు. కర్నూలాయన ఒక్కడు పలికినాడు. లోపల ఏ చిప్పు ఉందో ఎట్ల చూడాల్నో చెప్పినాడు. నువ్వు తెరను ఫోనుతో ఫోటో తీసి పంపితే అందులో ట్యూబులైటు తప్ప ఏమీ కనపడలేదు. అయినా మనిషి విసుక్కోలేదు. ఫోనును వైరుతో ల్యాప్‌టాప్‌కు తగిలించి దాని నెట్టు వాడుకోమన్నాడు, ఆ రియల్‌టెక్ చిప్పుకు కావాల్సిన ఫర్మ్‌వేర్ అనే చిన్న ప్రోగ్రాం ఎక్కడినుంచి దింపాల్నో వరుసకు వరుస రాసిచ్చినాడు. రెండో రాత్రి ఒకటిన్నరకు నువ్వు "వచ్చింది!!!" అని పెట్టినావు. ఆయన ఒక బొటనవేలు బొమ్మ పెట్టి పడుకున్నాడు.

ఎనిమిది దినాలకు రాజధాని మాటొచ్చింది. హైకోర్టు కర్నూలుకు రావాల్సిందని ఆయన రాసినాడు, కోస్తా, సీమ పెద్దలు రాసుకున్న శ్రీబాగ్ ఒడంబడిక గుర్తుచేసినాడు. నువ్వు "ఎప్పుడో తాతల నాటి కాగితం పట్టుకుని ఎన్నాళ్లు ఏలాడతారు, మాకు ఉద్యోగాలొచ్చేది బెంగళూరులోనే కదా" అన్నావు. ఆయనకు కాలింది. "నీకు వైఫై పెట్టిచ్చింది నాదే తప్పు" అన్నాడు. నువ్వు "మీ వైఫై మీరే తీసుకోండి, ఇదిగో తీసేస్తాండా" అని నిజంగానే ఆ ఫర్మ్‌వేర్ పీకేసి, పీకేసినట్టు తెర కాపీ చేసి పెట్టినావు. ఈసారి ఫోటో కాదు, అక్షరాలే శుభ్రంగా కాపీ చేసినావు. అక్కడ మాత్రం నాకు నవ్వాగలేదమ్మీ. సాయం అడిగినప్పుడు రాని చక్కదనం పోట్లాటలో వచ్చింది.

ఇద్దరిలో ఎవరిది తప్పని అడిగితే చెప్తా. ఆయనది పెద్ద తప్పు. చేసిన సాయాన్ని అప్పు కింద లెక్కేసి, కోపమొచ్చినప్పుడు వసూలుకు దిగినాడు. ఈ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ప్రపంచంలో తిరిగే మనిషి చేయకూడని పని అది. నువ్వు వేసుకున్న డెబియన్ వాళ్లకు ఒక నియమావళి ఉంది, 1997లో రాసుకున్నారు. ఏ సాఫ్ట్‌వేరును స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు అనాల్నో తేల్చే పది సూత్రాలు. అందులో అయిదోది: లైసెన్సు ఏ మనిషినీ, ఏ వర్గాన్నీ వేరుచేసి చూడకూడదు. ఆరోది: ఫలానా పనికి వాడుకోకూడదు అని ఆంక్ష పెట్టకూడదు. అంటే నాకు గిట్టని పార్టీ ఆఫీసులో కూడా నేను రాసిన ప్రోగ్రాం నడవచ్చు, నేను కాదనడానికి లేదు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఉద్యమం మొదలుపెట్టిన స్టాల్‌మన్ చెప్పే నాలుగు స్వేచ్ఛల్లో సున్నా అంకె వేసిన మొట్టమొదటిదీ అదే, ఎవరైనా ఎందుకైనా వాడుకోవచ్చు. రాసిన కోడుకు ఇంత ఉదారంగా ఉండేవాళ్లం, రాత్రి ఒకటిన్నరకు చెప్పిన నాలుగు వరుసల సలహాకు లెక్క కడతామా?

నీ తప్పు చిన్నది, కానీ ఉంది. దాని సంగతి కింద రాస్తా.

మధ్యలో ఒకాయన దూరి "ఇక్కడ టెక్నికల్ మాటలే మాట్లాడండి, రాజకీయాలొద్దు" అన్నాడు చూడు, నువ్వు దానికి గుండె గుర్తు పెట్టినావు. ఆ మాటను నేను ఒప్పుకోను. నీ వైఫై రెండు రాత్రులు ఎందుకు రాలేదో తెలుసునా? రాజకీయం వల్లనే. వైఫై చిప్పు లోపల నడిచే చిన్న ప్రోగ్రామునే ఫర్మ్‌వేర్ అంటాం. దాని మూలం కోడు తయారీదారులు బయటపెట్టరు. మూలం చూపించనిదాన్ని మేం ఇన్‌స్టాలరులో పెట్టం అని డెబియన్ వాళ్లు ఏళ్ల తరబడి పట్టుబట్టినారు. దాంతో కొత్తగా వచ్చినవాళ్లకు ఇన్‌స్టాల్ చేసేటప్పుడే నెట్టు ఉండేది కాదు. నెట్టు లేకపోతే ఫర్మ్‌వేర్ దింపలేరు, ఫర్మ్‌వేర్ లేకపోతే నెట్టు రాదు. పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు అన్నట్టు. చూపు లేనివాళ్ల కష్టం ఇంకా ఎక్కువ. వాళ్లు తెర చదివి వినిపించే గొంతు మీద ఆధారపడి ఇన్‌స్టాల్ చేసుకుంటారు. సౌండు చిప్పుకు ఫర్మ్‌వేర్ లేకపోతే ఆ గొంతే పలకదు. వాళ్లను గుమ్మం బయట నిలబెట్టి స్వేచ్ఛ అంటే ఎట్ల అని ఒక పక్షం, ఇవాళ దీన్ని రానిస్తే రేపు దేన్ని ఆపుతారు అని ఇంకో పక్షం. 2022లో ఓటు పెట్టుకున్నారు. ఫర్మ్‌వేరును ఇన్‌స్టాలరులో కలపాలనే గెలిచింది. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి అది లోపలే ఉంటాది. మీ సీనియర్ పెన్‌డ్రైవులోది డెబియన్ 11. ఓటుకు ముందటిది. అర్థమయ్యిందా? ఎవరో, యాడనో, వేలు చూపించుకుని అరుచుకుని తేల్చుకున్న రాజకీయమే నీ హాస్టల్ గదిలో నీలం దీపం వెలగడమూ వెలగకపోవడమూ. ఇంక రాజకీయాలొద్దు అంటే ఏం మిగులుతాది, ప్రింటరు డ్రైవర్లా?

అయితే ఒక తేడా గుర్తుపెట్టుకో, నాకిది తెలిసేదానికి పదేళ్లు పట్టింది. వైఫై గురించి మీ ఇద్దరికీ మాట తేడా వస్తే తీర్పు చెప్పేదానికి ల్యాప్‌టాప్ ఉంది. ఆయన చెప్పినట్టు కొట్టు, వచ్చిందా రాలేదా, అయిపోయె. ఎంత మొండివాడైనా తెర మీద ఎర్రక్షరాలు చూసి తగ్గుతాడు. శ్రీశైలం నీళ్ల గురించి మాట తేడా వస్తే అట్ల తీర్పు చెప్పే యంత్రం లేదు. మనవాళ్లు టెక్నికల్ గొడవల్లో గెలిచి గెలిచి, ఆ అలవాటుతోనే నీళ్ల మాటలోకి దిగుతారు. ఒక అంకె విసిరితే అవతలివాడు ఓడిపోవాలని చూస్తారు. 811 టీఎంసీలు అని ఒకడు, 512 మీకు 299 మాకా అని ఇంకొకడు, శ్రీశైలంలో నీటిమట్టం 854 అడుగులని మూడోవాడు. అంకెలన్నీ నిజమే. బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి రాష్ట్రానికిచ్చింది 811. దాన్ని ఆంధ్రకు 512, తెలంగాణకు 299 చొప్పున తాత్కాలికంగా పంచుకున్నదీ నిజమే. అయినా ఒక్కడూ ఒప్పుకోడు, ఎందుకంటే వాడి అంకె వెనకాల వాడి ఊరి చెరువుంటాది.

ఇప్పుడు నీ తప్పు. తాతల నాటి కాగితం అన్నావు, ఆ కాగితంలో ఏముందో చూసినావా? 1937 నవంబరు 16న మద్రాసులో, కాశీనాథుని నాగేశ్వరరావు గారి శ్రీబాగ్ ఇంట్లో, కోస్తా పెద్దలూ సీమ పెద్దలూ కూర్చుని రాసుకున్నారు. కృష్ణా, తుంగభద్రా, పెన్నా నీళ్లలో ముందు సీమ అవసరం చూడాలన్నారు. రాజధాని, హైకోర్టు రెండూ ఒకే చోట పెట్టకూడదు, ఏది కావాల్నో సీమవాళ్లు కోరుకోవచ్చన్నారు. విశ్వవిద్యాలయానికి ఒక కేంద్రం వాల్తేరులో ఉంటే రెండోది ఎక్కడ పెట్టాలన్నారో తెలుసా? నువ్వు చదువుకుంటున్న అనంతపురంలో. ఆ కాగితం అమలయ్యిందా, కాలం చెల్లిందా, దాన్ని ఇప్పుడు చూపించడం న్యాయమా కాదా అని నువ్వు వాదించు, నేను చప్పట్లు కొడతా. కానీ చదవకుండా చెత్తబుట్టలో వేసినావు. మాన్యువల్ చదవకుండా "పనిచేయట్లేదు" అనేవాళ్ల మీద నువ్వే మొన్న జోకు వేసినావు కదా.

ఇంకోటి. కర్నూలు 1953 అక్టోబరు 1 నుంచి 1956 నవంబరు 1 దాకా, మూడేళ్ల పైన రాజధానిగా ఉండింది. ఆఫీసులకు కట్టడాలు చాలక గుడారాల్లో నడిపినారు. ఆ గుడారాల్లో ఒకదాంట్లో ఆయన నాయన గుమాస్తా. ఎప్పుడో ఒకసారి నాతో అన్నాడు, ఎండాకాలం కాగితాలు ఎగిరిపోకుండా రాళ్లు పెట్టుకుని రాసేవాళ్లంట. నువ్వు కాగితం పట్టుకుని ఏలాడతారన్నప్పుడు ఆయనకు ఆ రాళ్లు గుర్తొచ్చుంటాయి. అది నీకు తెలిసే దారి లేదు, నిజమే. తెలియదు కాబట్టే మాట కాస్త తగ్గించి వేయాల.

ఈ మాట నీకు చెప్పే అర్హత నాకెట్లా వచ్చిందో కూడా చెప్తా. ఇది మీ అమ్మకు కూడా తెలియదు.

నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసే దినాల్లో, 2005లో, ఉబుంటు అనే ఇంకో లైనక్సు వాళ్లు అడిగినవాళ్లకు సీడీలు ఊరికే పోస్టులో పంపేవాళ్లు. కవరు మీద విదేశీ స్టాంపు చూసి పోస్టుమాను "లాటరీనా సార్" అని అడిగినాడు. ఆ సీడీతో మొదలైంది నా పిచ్చి. తెలుగు అక్షరాలు అప్పుడు సరిగ్గా పడేవి కాదు, వత్తులు పక్కకు జారేవి. ఒక్కో పత్రికది ఒక్కో ఫాంటు, ఒకదాంట్లో రాసింది ఇంకోదాంట్లో ఇనుప ముక్కల్లాగ కనపడేది. పోతన, వేమన ఫాంట్లు దింపుకుని మొదటిసారి నా పేరు నేను యూనికోడులో చూసుకున్నప్పుడు, అప్పుడు పడిన సంబరం మళ్లీ ఎప్పుడూ పడలేదు.

అట్ల లైనక్సు మెనూలు తెలుగులోకి మార్చే పనిలో పడినా. నాకు జత నల్గొండ జిల్లా ఆయన, బడిపంతులు. నాకంటే ఎనిమిదేళ్లు చిన్న, అన్నా అనేవాడు. మేము ముఖాలు చూసుకోలేదు. రోజూ రాత్రి తొమ్మిదికి కూర్చుంటే, ఒక్కో మాటకు గంట పోట్లాట. సేవ్ అనేదానికి తెలుగేంది? నేను "దాచు" అన్నా. డబ్బులు దాచుకుంటాం, ఊరగాయ దాచుకుంటాం, ఫైలు దాచుకోలేమా? ఆయన ఒప్పుకోలేదు. దాచడమంటే కనపడకుండా చేయడం కూడా కదన్నా, హైడ్ అనేదానికేం రాస్తావు అన్నాడు. అదీ నిజమే, ఒకే మెనూలో రెండూ వస్తాయి. "భద్రపరచు" అన్నాడు. అది రిజిస్ట్రారాఫీసు మాటలాగుంది, మా అమ్మ నోట ఎప్పుడూ వినలేదు అన్నా. మా అమ్మ నోటా వినలేదన్నా, కానీ మా అమ్మ ఫైలు హైడ్ చెయ్యదు కదా అన్నాడు. ఇట్ల ఉండేది. క్యాన్సిల్‌కు "రద్దుచేయి" రాసినప్పుడు బస్సు రద్దయినట్టుందని రెండు దినాలు నవ్వుకున్నాం. ఫైలు పైభాగంలో చివరగా మార్చిన అనువాదకుడి పేరుండాలని నియమం. ఒక వారం ఆయన పేరు, ఒక వారం నా పేరు.

2013 జూలై ఆఖరుకు రాష్ట్రం రెండు చేస్తామన్న ప్రకటన వచ్చింది. ఇక్కడ ఏడు రోడ్ల దగ్గర టైర్లు కాలినాయి, ఆఫీసులు మూతపడినాయి. అక్కడ వాళ్లు పండుగ చేసుకున్నారు. పదిహేను దినాలు ఇద్దరం ఆ మాటెత్తకుండా మెనూల మీదే పనిచేసినాం. ఒక రాత్రి ఆయన ఏదో అన్నాడు, పెద్ద మాట కూడా కాదు. నేను రాసినా: "మీ నీళ్లు మీరే తీసుకోండి, మీ రాష్ట్రం మీరే తీసుకోండి, ఈ ఫైలు కూడా మీరే తీసుకోండి."

"సరే అన్నా" అని ఒక్క మాట వచ్చింది. అంతే.

నీ "మీ వైఫై మీరే తీసుకోండి" చదివినప్పుడు నాకెందుకు ఒళ్లు జలదరించిందో ఇప్పుడు తెలిసిందా?

దానికి రెండు సంవత్సరాల ముందు ఆయన నాకొక సంగతి చెప్పినాడు. వాళ్ల ఊరి బోరు నీళ్లలో ఫ్లోరైడు. వాళ్ల నాయన కాళ్లు వంకరపోయి, నలభై ఏళ్లకే కర్ర పట్టుకున్నాడు. మాటల మధ్యలో చెప్పినాడు, నేను అయ్యో అని మళ్లీ మెనూలో పడినా. ఆ మనిషితో నేను "మీ నీళ్లు" అన్నా. ఆ రాత్రి నాకది గుర్తుకు రాలేదు. తెల్లారి స్నానం చేస్తుంటే గుర్తొచ్చింది. అప్పటికీ క్షమించమని రాయలేదు. పెద్దవాణ్ణి కదా, ఎట్ల రాస్తా. ఆరు వందల పైచిలుకు వాక్యాలు సగంలో ఆగిపోయినాయి. ఫైలు పైన చివరి పేరు ఆయనదే. దాన్ని తెరవాలంటే నాకు సిగ్గు.

నాలుగున్నర ఏళ్లకు ఆయనే రాసినాడు. 2018 ఫిబ్రవరిలో గుర్తుందా, నువ్వు బడిలో ఉంటివి. తెలుగులో "జ్ఞా" అనే అక్షరాన్ని ఒక రకంగా కట్టి పంపితే ఐఫోన్లు కుప్పకూలిపోయేవి. మధ్యలో కనపడని గుర్తు ఒకటి పడితే ఆ ఫోను అక్షరం కట్టలేక చచ్చిపోయేది. కొద్ది దినాల్లోనే అప్‌డేటు ఇచ్చి సరిచేసినారనుకో, ఆ లోపల మాత్రం జనం దాన్ని ఆయుధం చేసుకుని, గిట్టనివాళ్ల గ్రూపుల్లో విసిరి ఫోన్లు పడగొట్టినారు. జ్ఞానంలోని మొదటి అక్షరంతో! అప్పుడు నల్గొండ ఆయన దగ్గర్నుంచి మెసేజ్: "అన్నా, నీ ఫోను బాగుందా? నేనైతే ఏమీ పంపలేదు." నేను చదివి ఏడ్చినా, నవ్వినా, రెండూ. నాది పదకొండు వేల ఫోను, దానికి ఆ రోగం రాదు. ఆ రాత్రి క్షమించమని అడిగినా.

నీ కర్నూలాయన దగ్గర నాలుగున్నర ఏళ్లు ఆగొద్దు, ఆయనకిప్పటికే అరవై దాటినాయి.

ఇంక పని మాటలు. సాయం అడిగేటప్పుడు హలో అని పెట్టి ఎదురుచూడొద్దు. ఏ యంత్రం, ఏ డిస్ట్రో (అంటే ఏ రకం లైనక్సు), ఎన్నో వెర్షను, నువ్వేం చేసినావు, ఏం కావాల్సింది, ఏమొచ్చింది, తప్పు వాక్యం అక్షరం పొల్లుపోకుండా. ఫోటో కాదు, కాపీ. కాపీ చేసేముందు అందులో పాస్‌వర్డు, వైఫై పేరు, ఆధార్ నంబరు లాంటివి లేవు కదా అని కళ్లు పెట్టి చూడు. బాగైన తర్వాత ఏం చేస్తే బాగైందో రెండు వరుసలు రాయి. "ధన్యవాదాలు సార్" కంటే ఆ రెండు వరుసలే ఆయనకు సంతోషం, ఎందుకంటే రేపు ఇంకో పిల్లకు అదే పనికొస్తాది. ఇక్కడ ఎర్రముక్కపల్లెలో బ్రౌను గ్రంథాలయానికి పోయినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తాది. బ్రౌను 1820లో కడపకొచ్చినాడు, తర్వాత ఇక్కడ బంగళా కొని, పండితుల్ని జీతాలిచ్చి కూర్చోబెట్టి, ఒకే పద్యానికి ఊరూరి ప్రతులు తెప్పించి పక్కపక్కన పెట్టి తేడాలు గుర్తింపించినాడు. ఆ బంగళా ఉన్నచోటే ఇప్పటి గ్రంథాలయం. ఎవడి పాఠం ఎక్కడ తేడానో రాసిపెడితేనే తర్వాతివాడు దిద్దుకోగలడు.

నువ్వు చెప్పే స్థానంలో ఉన్నప్పుడు, తెలియనిది తెలియదను. ఇంకో సంగతి: కొత్తవాణ్ణి ఆటపట్టించేదానికి డిస్కంతా చెరిపేసే ఆదేశం ఇచ్చి "ఇది కొట్టు, బాగైతాది" అనే వెధవలుంటారు. ఎవరైనా సూడోతో (యంత్రం మీద పూర్తి అధికారమిచ్చే మాట అది) మొదలయ్యేది ఏదిచ్చినా, ప్రతి ముక్కకూ అర్థం అడిగి కొట్టు. అడిగితే కోప్పడేవాడి ఆదేశం కొట్టకు.

ఆడపిల్లవు కాబట్టి ఒక మాట ఎక్కువ చెప్తా, నీకు నచ్చినా నచ్చకపోయినా. "పర్సనల్‌గా మెసేజ్ చెయ్యండి, చెప్తా" అనేవాడికి "ఇక్కడే చెప్పండి సార్, అందరికీ తెలుస్తాది" అను. నీ కంప్యూటరును దూరంనుంచి నడిపిస్తానంటే ఒప్పుకోవద్దు, నన్నడుగు. ఇంటిపేరేంది, మీరెవుర్లు అని ఎవరైనా అడిగితే జవాబివ్వొద్దు. మన జిల్లాల్లో ఆ ప్రశ్న ఎందుకొస్తాదో నీకు చెప్పాల్నా? కులం తెలిసిన నిమిషంనుంచి నువ్వేం రాసినా ఆ కులం రాసినట్టే చదువుతారు, నీ వాదన ఎవరూ చదవరు. నన్ను ఒకసారి అడిగినారు. "డెబియనోళ్లం" అన్నా. కొందరు నవ్వినారు, అడిగినవాడు మాత్రం నవ్వలేదు.

ఉద్రేకంతో ఒక వర్గాన్ని తిట్టే మాటలు ఫార్వర్డు చేయొద్దు. 2015లో సుప్రీంకోర్టు ఐటీ చట్టంలోని 66ఏ సెక్షను కొట్టేసింది కదా, ఏమైనా అనొచ్చులే అనుకునేవాళ్లున్నారు. వర్గాల మధ్య శత్రుత్వం రేపడం ఇప్పటికీ నేరమే, పాత ఐపీసీ 153ఏ స్థానంలో ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 196 ఉంది. చదువుకునే పిల్లకు స్టేషను మెట్లు ఎక్కే పని ఎందుకు?

కోడు ఊరికే రాసేవాళ్ల మీద అరవడం గురించి కూడా. నువ్వు అనలేదు, మన గ్రూపులో ఇంకో అబ్బోడు అన్నాడు, "ఈ ప్రోగ్రాం రాసినోడు చచ్చినాడా, అప్‌డేటు ఏది" అని. వాడికి ఎక్స్‌జెడ్ (xz) కథ చెప్పు, నేను చెప్తే ముసలోడి సోది అంటాడు. ఫైళ్లను కుదించే చిన్న పరికరం అది, దాదాపు ప్రతి లైనక్సులోనూ ఉంటాది. ఏళ్లపాటు లాస్సే కొలిన్ అనే ఒక్కాయన తీరిక వేళల్లో చూసుకున్నాడు. 2022లో కొన్ని ముఖం లేని పేర్లు ఆయన్ను పొడవడం మొదలుపెట్టినాయి: పని నడవట్లేదు, నీకు ఆసక్తి లేదు, ఇంకొకరికి అప్పజెప్పు. తనకు మనసు బాగాలేదని కూడా ఆయన చెప్పుకున్నాడు. చివరికి జియా టాన్ అనే పేరుతో సాయానికి వచ్చినవాడికి తాళాలిచ్చినాడు. వాడు నిదానంగా దొంగదారి పెట్టినాడు. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు బయటపెట్టినాడు. తన యంత్రంలో లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందే అని తవ్వితే దొరికింది. అర సెకను! ఆ పొడిచిన పేర్లలో నిజంగా విసిగినవాళ్లెవరో, దొంగకు దారి చేసినవాళ్లెవరో చదివితే విడదీయలేవు. రెండూ ఒకే రకంగా ఉంటాయి. లైనక్సు మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ అంతటివాడు కూడా తన తిట్ల గురించి 2018 సెప్టెంబరులో క్షమాపణ రాసి, కొన్నాళ్లు పని పక్కన పెట్టి పోయినాడు. అంతకు ముందు ఆయన తిట్లను మేము పద్యాల్లాగ ఒకరికొకరు చెప్పుకుని నవ్వేవాళ్లం. నేనూ నవ్వినా.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది. గ్రూపులోనుంచి పోవద్దు. పోతే కర్నూలాయనకు గాదు నష్టం, మీ హాస్టల్లో ఇంకా ముగ్గురు పిల్లలు ఆ పెన్‌డ్రైవే వాడబోతున్నారన్నావు. డెబియన్ 12 గానీ దాని తర్వాతది గానీ కొత్తగా దింపి, పెన్‌డ్రైవులో వేసి వాళ్లకివ్వు. నీ ల్యాప్‌టాప్‌లో ఫర్మ్‌వేర్ మళ్లీ నువ్వే పెట్టుకో, ఆయన రాసిన వరుసలు పైన అట్లే ఉన్నాయి, ఎవరినీ అడగక్కరలేదు. పెట్టుకున్న తర్వాత ఆయనకు అందరి ముందర రాయి: మీరు చెప్పినట్టే మళ్లీ చేసినా, వచ్చింది. రాజధాని గురించి నా అభిప్రాయం మారలేదు, కాగితం మాత్రం చదివినా, అందులో మా అనంతపురం కూడా ఉంది. అంతవరకు చాలు. ఆయన ఏమైనా అంటే రాత్రి పది దాటినాక జవాబివ్వకు. పొద్దున కూడా కోపముంటే అప్పుడు నాకు ఫోను చెయ్యి, నేను ఆయనతో మాట్లాడతా. నా ముందర ఆయన కూడా పిల్లోడే.

ఉంటా. ఎండ ముదిరింది, మీ అత్త కారం దోశలకు పిలుస్తోంది.

ఇట్లు,
మీ మామ

తా.క. నల్గొండ ఆయనకు ఈ ఉత్తరం పంపేముందు చూపించినా, ఆయన పేరు లేదు కదా, అభ్యంతరం లేదన్నాడు. "దాచు"కు మాత్రం ఇప్పటికీ ఒప్పుకోనన్నాడు. ఫైల్లో ఇంకా నూట నలభై మిగిలినాయి. నీకు సెలవులిస్తే వచ్చి ఒక పక్షం పట్టు.